చర్చి గ్రాంట్ అంటే ఏంటి, ఎక్కడినుంచి వస్తుంది, లీడర్‌షిప్ ట్రైనింగ్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చిక్కుపడుతుంది

2024 ఏప్రిల్ మొదట్లో ఐదు సంస్థల ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ విరాళాలు తీసుకోవడానికి ఉండాల్సిన రిజిస్ట్రేషన్, రద్దయిందని వార్త వచ్చింది. అందులో మూడు చర్చిలకు సంబంధించినవే: సీఎన్ఐ (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా) వాళ్ల సాంఘిక సేవా బోర్డు, చర్చిల సేవా సంస్థ కాసా, ఇవాంజెలికల్ ఫెలోషిప్ ఆఫ్ ఇండియా. అదే ఏడాది జనవరిలో క్రైస్తవ సేవా సంస్థ వరల్డ్ విజన్ ఇండియాది కూడా పోయింది. అప్పట్నుంచి ఈ టాపిక్ ఎప్పుడొచ్చినా వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు వినిపిస్తున్నాయి, ఒకటి "విదేశీ డబ్బుతో మతమార్పిడులు చేస్తున్నారు, మంచి పని జరిగింది" అని, ఇంకోటి "క్రైస్తవుల మీద కక్ష కట్టారు" అని. అసలు ఆ డబ్బు ఎవరిది, ఏ దారిన వస్తుంది, దేనికి ఖర్చు పెట్టొచ్చు దేనికి పెట్టకూడదు అన్నది మాత్రం ఎవరూ నిదానంగా చెప్పట్లేదు. సంఘంలో పెద్దలకు కూడా సగం సగమే తెలుసు. అందుకే మొదటినుంచీ చెప్పుకుందాం.

"చర్చి గ్రాంట్" అనే ఒక్క మాట కింద మూడు రకాల డబ్బులున్నాయి

మన దగ్గర "చర్చికి గ్రాంట్ వచ్చిందంట" అంటే ఒక్కొక్కరు ఒక్కోటి అనుకుంటారు, గొడవంతా సగం ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది ప్రభుత్వం ఇచ్చే డబ్బు. రెండు రాష్ట్రాల్లోనూ క్రిస్టియన్ మైనారిటీల ఫైనాన్స్ కార్పొరేషన్లున్నాయి, ప్రార్థనా మందిరం రిపేర్లకి, యువతకు స్వయం ఉపాధికి ఇచ్చే సాయం ఆ దారిలో వస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కూడా ప్రభుత్వ డబ్బే. దీనికీ విదేశాలకీ ఏ సంబంధమూ లేదు.

రెండోది మన సొంత డబ్బు. దశమభాగాలు, కృతజ్ఞతార్పణలు, కోత పండుగ వేలంపాటలు, స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ల గ్రూపు) వాళ్లు పోగుచేసే పిడికెడు బియ్యం, అలాగే ఇక్కడి కంపెనీలు, ఇక్కడి దాతలు ఇచ్చేవి. దీనికి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వర్తిస్తుంది, ఎఫ్‌సీఆర్ఏ కాదు.

మూడోది విదేశీ చర్చిలు, వాటి అభివృద్ధి సంస్థలు ఇచ్చే డబ్బు. వార్తల్లో ఉండేది ఇదే, చట్టం గట్టిగా పట్టుకునేదీ దీన్నే. దీనికోసమే 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఎఫ్‌సీఆర్ఏ అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చింది, 2010లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు, అది 2011 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది, 2020లో దాన్ని బాగా బిగించారు. చూసేది కేంద్ర హోం శాఖ.

ఇక గ్రాంట్‌కీ విరాళానికీ తేడా ఏంటంటే, విరాళం ఇచ్చేసి వెళ్లిపోతారు, గ్రాంట్‌కి మాత్రం ఒక ప్రాజెక్టు, ఒక కాలపరిమితి, ఒక బడ్జెట్, చివర్లో రిపోర్టు ఉంటాయి. బోరు వేస్తామని తెచ్చిన డబ్బుతో ప్రహరీ గోడ కట్టకూడదు, అంత మంచి గోడ అయినా సరే.

అక్కడ ఆ డబ్బు ఎవరి జేబులోది

చాలామంది అక్కడి భక్తులు ఆదివారం కానుక పెట్టెలో వేసిందే ఇక్కడికి వస్తుందనుకుంటారు. కొంత నిజమే. జర్మనీలో కాథలిక్కులు 1958లో మిసెరియోర్ పెట్టారు, ఈస్టర్ ముందు శ్రమకాలంలో తీసే కానుక దానికి వెళ్తుంది. ప్రొటెస్టెంట్లు 1959లో బ్రోట్ ఫ్యూర్ డీ వెల్ట్ మొదలుపెట్టారు, క్రిస్మస్ ముందు రోజుల్లో పోగుచేసే డబ్బుతో. ఇంగ్లండులో క్రిస్టియన్ ఎయిడ్ వాళ్లు 1957 నుంచి ఏటా ఒక వారం పాటు ఇల్లిల్లూ తిరిగి కవర్లు పంచి డబ్బు సేకరించే పద్ధతి పెట్టారు.

కానీ జర్మనీలో ఇంకో రెండు పొరలున్నాయి. అక్కడ చర్చి సభ్యులుగా పేరు నమోదైనవాళ్లు చర్చి పన్ను కట్టాలి, వాళ్లు కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ మీద 8 లేదా 9 శాతం, రాష్ట్రాన్ని బట్టి, దాన్ని ప్రభుత్వ ట్యాక్స్ ఆఫీసే వసూలు చేసి చర్చికి ఇస్తుంది. అది కాక 1962 నుంచి జర్మన్ ప్రభుత్వమే తన విదేశీ అభివృద్ధి బడ్జెట్‌లో కొంత రెండు చర్చిల సంస్థల ద్వారా ఖర్చు పెడుతోంది. అంటే మనం "జర్మనీ చర్చి గ్రాంట్" అనేదాంట్లో పెద్ద వాటా అక్కడి మామూలు ట్యాక్స్ కట్టేవాళ్ల డబ్బు, వాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా ఉంటారు. ఈ ప్రభుత్వ వాటాని మతప్రచారానికి వాడకూడదు, ఆ షరతు పెట్టింది వాళ్లే. మన హోం శాఖ అడిగేదాని కంటే ముందే వాళ్ల ఆడిటర్లు అడుగుతారు.

అమెరికాలో కథ వేరు. ప్రెస్బిటేరియన్ చర్చి 1970లో "ప్రజల స్వయం అభివృద్ధి" అనే ఒక కమిటీ పెట్టింది. దాని రూల్ నాకు బాగా నచ్చింది: ప్రాజెక్టు పేదవాళ్ల గ్రూపుదే అయ్యుండాలి, వాళ్లే పెట్టుకోవాలి, వాళ్లే నడపాలి, లాభం నేరుగా వాళ్లకే రావాలి, వాళ్ల తరఫున ఇంకో సంస్థ అప్లికేషన్ పెడతానంటే కుదరదు. దాదాపు అదే కాలంలో అమెరికన్ కాథలిక్ బిషప్పులు కూడా ఇలాంటిదే మొదలుపెట్టారు. డబ్బు ఎక్కడిదన్నదొక ప్రశ్న, డబ్బు మీద నిర్ణయం ఎవరిదన్నది ఇంకో ప్రశ్న, ఈ రెండోది మన దగ్గర ఎప్పుడూ సరిగ్గా చర్చకి రాలేదు, కింద మళ్లీ వస్తాను.

రిజిస్ట్రేషన్, ముందస్తు అనుమతి, ఐదు లేబుళ్లు

విదేశీ డబ్బు తీసుకోవాలంటే రెండు దారులు. ఒకటి పూర్తి రిజిస్ట్రేషన్, ఐదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్. దీనికి సంస్థకి కనీసం మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో తన అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. రెండోది ముందస్తు అనుమతి, అంటే ఫలానా దాత నుంచి, ఫలానా మొత్తం, ఫలానా పనికి అని ఒక్కసారికి తీసుకునేది. కొత్త సంస్థలకి ఇదే దారి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం, మీ ఊరి సంఘానికి ఈ రెండూ ఉండవు. మెయిన్‌లైన్ చర్చిల్లో, అంటే పాత పెద్ద చర్చిల్లో అయితే డయాసిస్‌కో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం), సినడ్‌కో (వాటన్నిటి మీద ఉండే సభ), దాని సొసైటీకో ఉంటుంది. ఇండిపెండెంట్ సంఘాల్లో పాస్టర్ గారు రిజిస్టర్ చేయించిన ట్రస్టుకి ఉండొచ్చు, లేకపోవచ్చు. కాబట్టి "ఫారిన్ నుంచి ఎవరో ఇస్తామన్నారు, మన సంఘం అకౌంట్ నంబర్ ఇద్దామా" అని ఎవరన్నా అడిగితే జవాబు చాలాసార్లు వద్దు అనే.

చట్టంలో ఐదు ప్రయోజనాలున్నాయి: సాంస్కృతిక, ఆర్థిక, విద్యా, మతపరమైన, సామాజిక. గమనించండి, మతపరమైన పని కూడా చట్టబద్ధమైన లేబులే. విదేశీ డబ్బుతో చర్చి కట్టడం, పాస్టర్లకి బైబిల్ ట్రైనింగ్ ఇవ్వడం నేరం కాదు, సర్టిఫికెట్‌లో ఆ ప్రయోజనం ఉంటే. నేరం ఎక్కడంటే ఒక లేబుల్ మీద తెచ్చి ఇంకోదానికి వాడినప్పుడు. బలవంతంగా గానీ ఆశ చూపించి గానీ మతం మార్చే పనుల్లో కేసు పడినవాళ్లకి, శిక్ష పడినవాళ్లకి రిజిస్ట్రేషన్ ఇవ్వరు, 2019 నుంచి సంస్థలో పదవుల్లో ఉన్నవాళ్లంతా ఆ మేరకు డిక్లరేషన్ ఇవ్వాలి.

మరి లీడర్‌షిప్ ట్రైనింగ్ ఏ లేబుల్ కిందికి వస్తుంది? ఇదే చిక్కు. డ్వాక్రా గ్రూపు లీడర్లకి బ్యాంకు లింకేజీ, గ్రామసభలో మాట్లాడటం నేర్పితే సామాజికం. వార్డు మెంబర్‌గా గెలిచిన దళిత మహిళలకి పంచాయతీ చట్టం చెప్తే అదీ సామాజికమే. పాస్టర్లకీ సండే స్కూల్ టీచర్లకీ అయితే మతపరమైనది. కానీ ఊళ్లో మనుషులు ఇలా విడివిడిగా ఉండరు కదా, స్త్రీల మైత్రి ప్రెసిడెంటమ్మే డ్వాక్రా లీడరు, పాస్టరమ్మే ఆశా వర్కరు, యూత్ సెక్రటరీనే ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి కుర్రాడు. వాళ్లందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఉదయం ప్రార్థనతో మొదలుపెట్టి, పదింటికి ఉపాధి హామీ జాబ్ కార్డుల గురించి చెప్తే ఆ రోజు ఖర్చు ఏ ఖాతాలో రాయాలి? ఖర్చు ఏ పనికో, ఎవరికి నేర్పారో, ఏం నేర్పారో కాగితం మీద చూపించగలిగితే ఇబ్బంది తక్కువ, చూపించలేకపోతే అది రేపు నోటీసులో ఒక ప్రశ్న అవుతుంది.

2020 సెప్టెంబర్ 29న ఏం మారింది

ఆ రోజు అమల్లోకొచ్చిన సవరణల్లో చర్చి గ్రాంట్ల రూపం మార్చేసినవి మూడు.

ఒకటి, డబ్బు ఇంకొకరికి పంచడం మొత్తం ఆపేశారు. అంతకు ముందు జర్మనీ నుంచి డబ్బు ఢిల్లీలోనో చెన్నైలోనో ఉన్న పెద్ద సంస్థకి వచ్చేది, అక్కడినుంచి డయాసిస్‌కి, డయాసిస్ నుంచి మండలంలో పనిచేసే చిన్న సొసైటీకి వెళ్లేది, అందరికీ రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే ఒకరి నుంచి ఒకరికి వెళ్లకూడదు. పెద్ద సంస్థ కావాలంటే తన స్టాఫ్‌ని తనే పెట్టుకుని ఊళ్లో పని చేయొచ్చు, సరుకు కొన్నా సర్వీసు తీసుకున్నా బిల్లు కట్టొచ్చు, కానీ బిల్లు పేరుతో గ్రాంట్ ఇస్తే అది ఉల్లంఘనే.

రెండు, అడ్మినిస్ట్రేటివ్ ఖర్చు, అంటే ఆఫీసు నడిపే ఖర్చు, ఏడాదిలో వచ్చిన విదేశీ డబ్బులో 50 శాతం దాకా ఉండొచ్చు అన్నది 20 శాతానికి తగ్గించారు.

మూడు, మొదటి అకౌంట్ న్యూఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లో ఉన్న ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. మెదక్‌లో పనిచేసినా మచిలీపట్నంలో పనిచేసినా డబ్బు ముందు అక్కడే దిగాలి, తర్వాత లోకల్ అకౌంట్లకి తెచ్చుకోవచ్చు.

వీటిని సవాలు చేస్తూ నోయెల్ హార్పర్ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది, 2022 ఏప్రిల్ 8న కోర్టు సవరణల్ని సమర్థించింది, విదేశీ విరాళం తీసుకోవడం ఎవరికీ సంపూర్ణ హక్కు కాదంది. ఒక్క చోట సడలించింది, సంస్థలో పదవుల్లో ఉన్నవాళ్లు గుర్తింపుకి ఆధార్ బదులు ఇండియన్ పాస్‌పోర్ట్ చూపించినా ఒప్పుకోవాలని చెప్పింది.

20 లక్షల గ్రాంట్ కాగితం మీద ఎలా ఉంటుంది

ఊహకి ఒక సొసైటీ అనుకుందాం, ఖమ్మం వైపు పన్నెండు ఊళ్లలో పనిచేస్తుంది, ఏడాదికి 20 లక్షలు గ్రాంట్ వచ్చింది. బడ్జెట్ ఇలా వేసుకున్నారు.

డైరెక్టర్ జీతం నెలకు 20,000 చొప్పున 2,40,000. అకౌంటెంట్‌కి నెలకు 12,000 చొప్పున 1,44,000. ఆఫీసు అద్దె, కరెంటు నెలకు 6,000 చొప్పున 72,000. బండి ఖర్చు 60,000. ఆడిట్ 30,000. కలిపితే 5,46,000, ఇదంతా ఆఫీసు ఖర్చు.

ఇద్దరు ట్రైనర్లు, నెలకు 20,000 చొప్పున 4,80,000. ఊళ్లు తిరిగే ఫీల్డ్ వర్కర్లు ముగ్గురు, నెలకు 12,000 చొప్పున 4,32,000. ట్రైనింగ్ క్యాంపుల భోజనాలు, బస్ చార్జీలు, హాలు, పుస్తకాలకి 3,42,000. కుట్టు మిషన్లు, మేకల యూనిట్లకి 2,00,000. మొత్తం సరిగ్గా 20 లక్షలు.

చూస్తే ఎవరూ దోచుకున్నట్టు లేదు, డైరెక్టర్‌కి 20,000 అంటే హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం జీతం. పాత రూలు ప్రకారం ఆఫీసు ఖర్చుకి 10 లక్షల దాకా అవకాశం ఉంది కాబట్టి ఇబ్బందే లేదు. కొత్త రూలు ప్రకారం 4 లక్షలే. అంటే 1,46,000 ఎక్కువైంది, దాదాపు అకౌంటెంట్ జీతం అంత. అకౌంటెంట్‌ని తీసేస్తే లెక్కలు రాసేవాళ్లుండరు, లెక్కలు లేకపోతే రిజిస్ట్రేషన్ నిలవదు.

అసలు తలనొప్పి ట్రైనర్ల జీతం. రూల్స్‌లో ఒక మినహాయింపు ఉంది: ప్రధానంగా ట్రైనింగ్ గానీ రీసెర్చి గానీ చేసే సంస్థ అయితే ట్రైనింగ్ ఇచ్చేవాళ్ల జీతం ఆఫీసు ఖర్చులో లెక్కించరు. హాస్పిటల్లో డాక్టర్ జీతం, స్కూల్లో టీచర్ జీతం కూడా అంతే, అవి నేరుగా సేవ కిందికి వస్తాయి. కానీ మన సొసైటీ "ప్రధానంగా" ట్రైనింగ్ సంస్థ కాదు, మేకలూ ఇస్తుంది, మిషన్లూ ఇస్తుంది, ట్రైనింగూ ఇస్తుంది. ట్రైనర్ పని నేరుగా లక్ష్యం కోసమే కదా అని ఒక ఆడిటర్ అంటాడు, జాగ్రత్త కోసం మేనేజ్‌మెంట్ జీతాల్లో పెట్టండి అని ఇంకో ఆడిటర్ అంటాడు. రెండోదే పాటిస్తే ఆఫీసు ఖర్చు 10,26,000కి పోతుంది, సగానికి పైన, పూర్తిగా రూలు తప్పినట్టు. ఇక చాలా సంస్థలు ఏం చేస్తాయంటే, రిస్క్ ఎందుకని, ట్రైనర్‌ని తీసేసి ఆ డబ్బుతో ఇంకో పది మేకల యూనిట్లు పంచుతాయి, ఫొటో బాగా వస్తుంది, బిల్లు ఉంటుంది, ఎవరూ ప్రశ్నించరు.

డాలస్ నుంచి అన్నయ్య పంపితే అది విదేశీ డబ్బేనా

తెలుగు సంఘాల్లో ఎక్కువ కన్ఫ్యూజన్ ఇక్కడే, ఎందుకంటే ప్రతి సంఘానికీ ఇప్పుడు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఎవరో ఒకరున్నారు. చట్టం చూసేది మనిషి ఎక్కడున్నాడని కాదు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదని.

అన్నయ్యకి గ్రీన్ కార్డ్ ఉంది, పాస్‌పోర్ట్ మాత్రం ఇండియాదే, తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపాడు. అది విదేశీ విరాళం కాదు. వదినకి అమెరికా పౌరసత్వం వచ్చింది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉంది, ఆమె తన అకౌంట్ నుంచి పంపింది. అది విదేశీ విరాళమే, పుట్టింది గుంటూరైనా సరే. ఇక వాళ్లిద్దరూ వెళ్లే తెలుగు చర్చి అక్కడ కానుక తీసి చర్చి పేరు మీద పంపితే, కానుక వేసినవాళ్లంతా ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లే అయినా, పంపింది విదేశీ సంస్థ కాబట్టి అదీ విదేశీ విరాళమే. ఒకే ఇంటి నుంచి ఒకే పనికి మూడు దారుల్లో వచ్చిన డబ్బులో ఒకటి విదేశీ విరాళం కాదు, మిగతా రెండూ విదేశీ విరాళాలే. అందుకే పంపేవాళ్ల పాస్‌పోర్ట్ కాపీ తీసి ఫైల్లో పెట్టుకునే సంస్థలు తెలివైనవి.

బంధువు తన సొంత చుట్టానికి ఇంటి ఖర్చుకి పంపుకోవడం వేరు, ఏడాదికి 10 లక్షల దాకా హోం శాఖకి చెప్పక్కర్లేదు. అలా పాస్టర్ గారి సొంత అకౌంట్‌కి తెప్పించి ట్రస్టు పనికి వాడితే మాత్రం ఇబ్బందిలో పడేది పాస్టర్ గారే.

ఎవరి వాదన ఏంటి

ప్రభుత్వం చెప్పేదాంట్లో బలం ఉంది. డబ్బు చేతులు మారే కొద్దీ చివరికి ఎక్కడ ఖర్చయిందో పట్టుకోవడం కష్టం, ఒకే డబ్బు రెండు మూడు సంస్థల లెక్కల్లో కనిపిస్తుంది, సగం డబ్బు ఆఫీసులకీ కార్లకీ పోతే ఊరికి ఏం చేరినట్టు? ఈ చివరి ప్రశ్న ఊళ్లో మనవాళ్లు కూడా ఎప్పట్నుంచో అడుగుతున్నదే.

చర్చిలూ ఎన్జీవోలూ చెప్పేదాంట్లోనూ బలం ఉంది. మారుమూల పనిచేసే చిన్న గ్రూపు జర్మన్ దాతకి ఇంగ్లీషులో ప్రపోజల్ రాయలేదు, పెద్ద సంస్థ మధ్యలో ఉండి రాసిపెట్టి, లెక్కలు నేర్పి, డబ్బు పంచేది, ఆ వంతెన తీసేస్తే మిగిలేది పెద్ద సంస్థలే. పైగా అనిశ్చితి. 2021 క్రిస్మస్ రోజున మిషనరీస్ ఆఫ్ చారిటీకి రెన్యూవల్ తిరస్కరించారు, రెండు వారాల్లోపే మళ్లీ ఇచ్చారు. మదర్ థెరిసా సంస్థ కాబట్టి అంత త్వరగా తేలింది, చిన్న సొసైటీకి అన్నాళ్లు జీతాలు ఎవరిస్తారు? 2017లో పేద పిల్లలకి స్పాన్సర్లని చూపించే అమెరికన్ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ ఇండియాలో పని ఆపేసినప్పుడు సుమారు 1,45,000 మంది పిల్లల స్పాన్సర్‌షిప్‌లు ఆగాయి, అందులో తప్పొప్పులెవరివైనా ఫీజు ఆగింది మాత్రం పిల్లలదే.

మతమార్పిడి ఆరోపణ గురించి దాటవేయకుండా మాట్లాడాలి, ఎందుకంటే అది మన తెలుగు నేల మీద 150 ఏళ్ల నాటిది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి, ముఖ్యంగా మాదిగలకి, కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా తిండి కోసం వచ్చారంటారని దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. దీన్ని చదివి "చూశారా, సాయానికీ మతానికీ మధ్య గీత గీశాడు" అనేవాళ్లున్నారు, "గీత గీసినా కృతజ్ఞత పనిచేసింది కదా" అనేవాళ్లున్నారు. నాకైతే ఆ జనం ఆకలి తీరాక కూడా వచ్చారంటే వాళ్లకి తిండి కంటే గౌరవం ముఖ్యమైందని అనిపిస్తుంది, వాళ్లని ఆలోచన లేనివాళ్లలాగా చూడటం రెండు వైపులా తప్పే.

ఇంకో కోణం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీ, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ హోదాతో వచ్చే రిజర్వేషన్లు కాగితం మీద వాళ్లకి అందవు. దళితుల పాలెంలో పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరికి సర్కారు తలుపు ఒకరికి తెరిచి ఇంకొకరికి మూసి ఉన్నప్పుడు, చర్చి గ్రాంట్ ఆ ఖాళీలోకి వచ్చింది.

మూడో వాదన చర్చి లోపలిదే, దాన్ని బయట తక్కువ వింటాం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, అంతకు ముందే 1903లో తిరునెల్వేలిలో మొదలైన ఇండియన్ మిషనరీ సొసైటీ పనిలో ఉన్నాడు, భారతీయులు, భారతీయ డబ్బు, భారతీయ నిర్వహణ అన్నది దాని సూత్రం. ఇవ్వడం నేర్చుకోని సంఘం ఎదగదని ఆయన జీవితాంతం చెప్పాడు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి వంట వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టి చర్చికి ఇస్తున్నారు, ఆ పిడికిళ్లు ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు. మన దగ్గరా ఆ అలవాటు ఉంది, కానీ ఆ బియ్యం పాస్టర్ గారి ఇంటి దాకే ఆగిపోయింది, దాన్ని ఊరి పనికి పెట్టుబడిగా ఎవరూ లెక్క వేయలేదు.

అంతకన్నా కఠినమైన మాట సామాన్య విశ్వాసులది: డబ్బు ఏళ్ల తరబడి వచ్చింది, ఎవరు నిర్ణయించారు? డయాసిస్ ఎన్నికల్లో గొడవలు, ఆస్తుల మీద కోర్టు కేసులు చూస్తూనే ఉన్నాం. అమెరికన్ ప్రెస్బిటేరియన్ కమిటీలాగా నిర్ణయం పేదవాళ్ల చేతిలో ఉండాలన్న షరతు మనదగ్గర ఏ దాతా గట్టిగా పెట్టలేదు, మన నాయకత్వమూ అడగలేదు. చట్టం బిగిసినప్పుడు ఊరి సంఘాలు వీధిలోకొచ్చి అడ్డుపడకపోవడానికి ఇదీ ఒక కారణమని నేననుకుంటా, ఆ డబ్బు తమదని వాళ్లకెప్పుడూ అనిపించలేదు.

కట్టడాన్ని లెక్కపెట్టొచ్చు, నాయకురాల్ని ఎలా లెక్కపెట్టాలి

మెదక్ చర్చి తీసుకోండి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టి కరువులో ఉన్న జనానికి పని, దానికి తిండి ఇచ్చి కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. వందేళ్లయినా నిలబడి ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. అదే కాలంలో దోర్నకల్‌లో అజరయ్య ఊరి ఉపదేశకుల్ని, వాళ్ల భార్యల్ని కూడా తెచ్చి ట్రైనింగ్ ఇచ్చాడు, వాళ్లు వెళ్లి పాలేల్లో రాత్రి బడులు పెట్టారు, చదువంటే తెలియని ఇళ్లలో మొదటి అక్షరం నేర్పారు. దాని ఫలితం ఏ రిపోర్టులో చూపిస్తారు? మూడు తరాల తర్వాత ఒక నర్సు, ఒక టీచరు, ఒక ఎమ్మార్వో రూపంలో వచ్చింది, ఈలోపు గ్రాంట్ కాలం ఎప్పుడో అయిపోయింది.

దాతలు ఇప్పుడు మూడేళ్ల ప్రాజెక్టుకి బేస్‌లైన్ (మొదట్లో పరిస్థితి ఏంటన్న లెక్క), ఇండికేటర్లు (ఫలితాన్ని కొలిచే అంకెలు) అడుగుతారు. ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారు, 300. సంతకాలున్న షీటు జతచేయండి. అయిపోయింది. ఆ 300 మందిలో ఎంతమంది రెండేళ్ల తర్వాత గ్రామసభలో లేచి మాట్లాడారు, ఎంతమంది పంచాయతీకి పోటీ చేశారు, ఎంతమంది గ్రూపు లెక్కలు తామే రాసుకుంటున్నారు, ఇవి అడగాల్సిన ప్రశ్నలు, వీటికి జవాబు తేవాలంటే ట్రైనింగ్ అయ్యాక కూడా ఊరికి వెళ్తూ ఉండే మనిషి కావాలి. ఆ మనిషి జీతమే పైన లెక్కలో అందరికంటే ముందు తెగింది. దాతకి లెక్క కావాలి, చట్టానికి బిల్లు కావాలి, రెండూ న్యాయమే, కానీ రెండూ కలిసి మనుషుల మీద పెట్టే డబ్బుని వస్తువుల వైపు నెడుతున్నాయి. నాకు బాధ కలిగించేది రద్దుల వార్తల కంటే ఇదే.

ఇక్కడి డబ్బుతో చేయొచ్చు కదా అంటే చేయొచ్చు, కానీ దానికీ గీతలున్నాయి. దాతకి ట్యాక్స్ మినహాయింపు ఇచ్చే 80జి సర్టిఫికెట్ ఉన్న సంస్థ తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన పనికి ఖర్చుపెట్టకూడదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కంపెనీల చట్టంలో ఉన్న పనుల జాబితాకే, అందులో మతపరమైన పని లేదు. అందుకే చాలా డయాసిస్‌లు ఆరాధన పనికి ఒక సంస్థ, అభివృద్ధి పనికి వేరే సొసైటీ పెట్టుకున్నాయి, లెక్కలు వేరు, బ్యాంకు వేరు, కొన్నిచోట్ల ఆఫీసు గది మాత్రం ఒకటే.

రిజిస్ట్రేషన్ పోతే, కొన్నవీ కట్టినవీ ఎవరివి

ఇది చాలామంది సంఘ పెద్దలకి తెలియని క్లాజు. రిజిస్ట్రేషన్ రద్దయినా, సంస్థే వదులుకున్నా, విదేశీ డబ్బులో మిగిలినదీ, ఆ డబ్బుతో కొన్న ఆస్తులూ ప్రభుత్వం నియమించిన అథారిటీ కిందికి వెళ్తాయి. ఆ అథారిటీ అవసరమనుకుంటే ఆ పనుల్ని కొంతకాలం నడపొచ్చు, ఆస్తుల్ని అమ్మనూవచ్చు, సంస్థకి తర్వాత మళ్లీ రిజిస్ట్రేషన్ వస్తే తిరిగి ఇవ్వాలి. హాస్టల్ బిల్డింగ్‌లో సగం విదేశీ డబ్బు, సగం పాస్టరేట్‌ల (ఒక పాస్టర్ కింద ఉండే సంఘాల) చందా అయితే ఏది ఎంతో నిరూపించాల్సింది సంస్థే, దానికి పాత రసీదులు కావాలి.

కాబట్టి గడువులే ప్రాణం. ఏడాది రిటర్ను ఎఫ్‌సీ-4 ఆర్థిక సంవత్సరం అయిన తొమ్మిది నెలల్లోపు, అంటే డిసెంబర్ 31కి వేయాలి, డబ్బు ఒక్క రూపాయి రాకపోయినా వేయాలి. రెన్యూవల్ గడువు ముగియడానికి కనీసం నాలుగు నెలల ముందే అప్లై చేయమని 2025లో హోం శాఖ చెప్పింది. ఆడిట్ అయిన జమాఖర్చుల్ని సంస్థ తన వెబ్‌సైట్‌లో గానీ ప్రభుత్వం చెప్పిన సైట్‌లో గానీ పెట్టాలి. మీ డయాసిస్ సొసైటీ సైట్ తెరిచి ఆ కాగితం ఉందో లేదో చూడండి, అందులో ట్రైనింగ్ అన్న లైను ఎదురుగా ఎంత రాశారో, మీ మండలంలో ఆ ట్రైనింగ్ ఎవరికి జరిగిందో పాస్టరేట్ కమిటీలో అడగొచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.